ఒకే మఠం ముద్ర, మూడు రూపాలు: ఏది అసలు, ఏది నకలు?

పత్రశోధి (ప్రశ్న):

ఇంగ్లండులో మఠాలు రద్దు కాకముందు, అంటే 1536–1540కి ముందు వాడిన చర్చి ముద్రల పట్టిక ఒకటి తయారవుతోంది. ఒక మఠం దగ్గర పని ఆగింది. దాని ముద్ర మూడు రూపాల్లో దొరుకుతోంది. ఒకటి, 17వ శతాబ్దపు సేకర్తల రాతప్రతిలో కలంతో గీసిన బొమ్మ. రెండోది, 19వ శతాబ్దంలో పోసిన ప్లాస్టర్ నకలు, మీద ఎర్రరంగు పూసి ఉంది. మూడోది, పాత సేకరణలోంచి వచ్చిన రాగి మిశ్రలోహపు అచ్చు. దాని మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి, వెనక తాడు దూర్చే చిన్న చెవి ఉంది. పత్రానికి వేలాడిన అసలు మైనపు ముద్ర మాత్రం ఇప్పుడు లేదు.

చిక్కులు ఇవి. ముద్రది కోలగా, రెండు కొనలు మొనదేలి ఉన్న ఆకారం. ప్లాస్టర్ నకలు పొడవు 69.5 మి.మీ., లోహపు అచ్చు పొడవు 68.3 మి.మీ. రెండూ ఒకే ముద్రవైతే ఈ తేడా ఎందుకు? ఇక అంచు చుట్టూ ఉన్న లాటిన్ రాతలో రెండు చోట్ల పొంతన లేదు. చర్చి అనే అర్థమున్న మాట బొమ్మలో ‘ఎక్లేసియై’ అని సంయుక్త స్వరంతో ముగుస్తుంది, ప్లాస్టర్‌లోనూ లోహంలోనూ ‘ఎక్లేసియే’ అని ఒంటి స్వరంతో ముగుస్తుంది. చివరి మాటలో రెండు అక్షరాలు బొమ్మలో స్పష్టంగా ఉన్నాయి, లోహంలో వేరేలా కనిపిస్తున్నాయి, ప్లాస్టర్‌లో అలికినట్టున్నాయి. పాత కేటలాగు లోహాన్నే ‘మూల అచ్చు’ అని నమోదు చేసి, దాని పాఠాన్నే ఖాయం చేసింది.

అదే సేకర్తల చేతుల మీదుగా వచ్చిన అవశేష పేటికలు, అంటే పునీతుల ఎముకలు, గుడ్డముక్కలు దాచిన పెట్టెలు కూడా పట్టికలో చేరాలి. వాటికీ ఇవే పరీక్షలు పనికొస్తాయా?

మైనంముద్ర:

ముందు కొలత సంగతి చూద్దాం, సగం జవాబు అక్కడే ఉంది. కరిగించి పోసిన రాగి మిశ్రలోహం గడ్డకట్టి చల్లారేటప్పుడు పొడవులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు కుంచించుకుపోతుంది. 69.5 మి.మీ.కి ఆ లెక్క కడితే 1 నుంచి 1.4 మి.మీ. తగ్గాలి. మీ అచ్చు 1.2 మి.మీ. తక్కువ ఉంది. ప్లాస్టర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, గట్టిపడేటప్పుడు కుంచించుకోదు, రవ్వంత ఉబ్బుతుంది, అదీ కంటికి ఆనదు. కాబట్టి ప్లాస్టర్ నకలు కొలతే పోయిన మైనపు ముద్ర కొలతకు దగ్గరగా ఉంటుంది. నిజమైన అచ్చుతో వేసిన ముద్ర ఆ అచ్చుకన్నా ఒక మిల్లీమీటరు పెద్దగా ఉండటానికి కారణం లేదు. మధ్యయుగంలో మైనాన్ని కరిగించి అచ్చులో పొయ్యలేదు, మెత్తబరిచి, చేత్తో అదిమి ముద్ర వేశారు. మీ లోహపు ముక్క ముద్రకు తల్లి కాదు, బిడ్డ అని నా అనుమానం.

అయితే ఒక్క కొలతతోనే తీర్పు చెప్పకండి. మఠం తన అచ్చు పోయినప్పుడో అరిగినప్పుడో మరొకటి చెక్కించుకున్న సందర్భాలున్నాయి. రెండో అచ్చు కాస్త చిన్నదై ఉండవచ్చు. అసలు తేల్చే పరీక్ష వేరే ఉంది. ప్లాస్టర్ నకలు మీద మైనం పెచ్చు ఊడిన చోట్లు వెతకండి. అంచు చిట్లిన చోటు, గీత పడిన చోటు, అక్షరం మీద గుంట, ఏదైనా సరే. ముద్రలో గుంట ఉంటే, దాని నుంచి తీసిన తిరగబడిన పోతలో అదే చోట బొడిపె వస్తుంది. చెక్కిన అచ్చులో పల్లం ఉండాల్సిన చోట బొడిపె ఉందంటే ఇంకో వివరణ లేదు. చెక్కేవాడు లోహాన్ని తీస్తాడే గాని, పైకి తేల్చడు. మైనం దెబ్బతిన్న తర్వాతే ఆ లోహం పోసినట్టు.

భూతద్దంతో, పదిరెట్లు చాలు, అక్షరాల అడుగు చూడండి. ఉలితో చెక్కిన గాడి అడుగున సన్నని మెరుపు గీతలు, ఆగి మళ్లీ మొదలెట్టిన జాడలు, కొసన పదునైన మొన కనిపిస్తాయి. పోతలో అవన్నీ గుండ్రబడతాయి, సూదిమొనంత గాలి గుంటలు ఉంటాయి, అంచున ఆకురాయితో రుద్దిన గీతలు ఉంటాయి. పైపైన మళ్లీ ఉలి తగిలించి ‘సరిచేసిన’ పోతలు కూడా ఉన్నాయి, అక్కడే చాలామంది మోసపోతారు. అటువంటి దాంట్లో రెండు మూడు అక్షరాలు మాత్రమే పదునుగా ఉండి, పక్కవి సబ్బులా జారిపోతుంటాయి.

ఇంకో రకం నకలు ఉంది, విద్యుత్తుతో రాగి పూత ఎక్కించి తీసింది. 1840ల నుంచి విరివిగా చేశారు. ఇది కుంచించుకోదు, కాబట్టి కొలతతో పట్టుబడదు. పట్టించేవి వేరు: పల్చని రాగి డొల్ల, వెనక సీసంలాంటి మెత్తని లోహం నింపిన జాడ, అంచు చుట్టూ సన్నని అతుకు గీత.

వెనక చెవి గురించి. చెవి, పిడి ఉండే తీరును బట్టి కాలం కొంత అంచనా వేయవచ్చు. 12, 13 శతాబ్దాల అచ్చులు ఎక్కువగా పల్చటి బిళ్లలు, పైకొనన చెవి లేదా వెనక నిలువుగా ఒక గట్టు ఉంటుంది. 14వ శతాబ్దం నుంచి ఆరు పలకల శంకువులాంటి పిడి, దాని తలన మూడాకుల కన్నం మామూలైంది. మీ ముక్కలో 13వ శతాబ్దపు అక్షరాలకు తర్వాతి కాలపు పిడి అతికి ఉంటే అది ఇంకో సాక్ష్యం. అయితే నకలు చేసినవాడికి కూడా ఈ సంగతి తెలిసి ఉండవచ్చు, కాబట్టి పిడిని ఆఖరి సాక్షిగానే పిలవండి.

అసలు అచ్చులు ఎందుకంత అరుదో కూడా పట్టికలో ఒక మాట రాయండి. బిషప్పు చనిపోతే ఆయన పేరున్న ముద్ర దుర్వినియోగం కాకుండా అచ్చును విరగ్గొట్టేవారు. ఉత్తర ఇంగ్లండులోని డరమ్‌లో అలా విరిచిన ముక్కలను పునీత కుత్‌బర్ట్ సమాధికి కానుకగా సమర్పించేవారు. సంస్థ పేరుతో ఉన్న అచ్చులు తరాలపాటు నడిచాయి గాని, మఠాల రద్దులో వాటినీ అప్పగించాల్సి వచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలోని బాక్స్‌గ్రోవ్ మఠపు 13వ శతాబ్దపు అచ్చు లాంటివి మిగలడం అదృష్టం. అది నాలుగు భాగాల అచ్చు, ముద్రలో గోడల వెనక లోపలి బొమ్మలు కిటికీల్లోంచి కనిపించేలా మైనాన్ని పొరలుగా అదిమేందుకు చేసింది. ఇలాంటి జత అచ్చులకు పక్కల చెవులు, వాటిలో దిగే మేకులు ఉంటాయి. రెండు ముఖాలూ ఒకే తిన్నగా పడటానికి అవి ఆధారం. మీ ముక్కకు అవి లేకపోయినా ప్లాస్టర్ నకలు అంచున వాటి గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే అసలు అచ్చు రెండు ముఖాలది, మీ దగ్గర ఉన్నది ఒక ముఖమే.

లిపిదీపిక:

బొమ్మ విషయం నేను చెబుతాను. దాన్ని తక్కువ అంచనా వేయకండి. అలాగని కళ్లు మూసుకుని నమ్మనూ వద్దు. 17వ శతాబ్దపు సేకర్తలు పనిచేసిన తీరు తెలిస్తే ఎక్కడ నమ్మాలో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

1640, 1641 సంవత్సరాల్లో సర్ క్రిస్టఫర్ హాటన్ కోసం విలియం డగ్‌డేల్ పర్యవేక్షణలో ఐదు వందలకు పైగా పత్రాలను ముద్రల బొమ్మలతో సహా ఎత్తి రాయించారు. అంతర్యుద్ధం ముంచుకొస్తోందని వాళ్లకు తెలుసు. పత్రాలు పోతాయన్న భయంతోనే చేసిన పని అది, ఆ భయం నిజమైంది కూడా. ఉత్తర ఇంగ్లండు మఠాల పత్రాలు యార్క్‌లోని సెయింట్ మేరీ బురుజులో ఉండేవి. 1644లో ముట్టడి సమయంలో మందుపాతరతో ఆ బురుజును పేల్చేశారు. అప్పటికే రోజర్ డాడ్స్‌వర్త్ వాటిలో చాలా భాగం నకలు రాసుకుని ఉండటం వల్లే ఈ రోజు కొన్నింటి పాఠమైనా మనకు మిగిలింది. డగ్‌డేల్, డాడ్స్‌వర్త్‌ల మఠాల సంపుటం మొదటిది 1655లో అచ్చయింది. ఇంత శ్రమ పడిన మనుషుల గీతలను ‘పాత బొమ్మలు’ అని పక్కన పెడితే నాకు బాధగా ఉంటుంది.

అయితే వాళ్ల చేతికి ఒక అలవాటు ఉంది. వాళ్లు చదువుకున్నది ప్రాచీన రోమన్ల లాటిన్. మధ్యయుగపు చెక్కడంలో ఆ సంయుక్త స్వరం ఉండదు, ఒంటి అక్షరమే రాసేవారు. నకలు రాసేవాడి చేయి తెలియకుండానే దాన్ని ‘సరి’ చేస్తుంది. మీ బొమ్మలోని ‘ఎక్లేసియై’ అదే. అక్కడ ప్లాస్టర్‌నే నమ్మండి. ఇదే తీరులో సంక్షిప్త గుర్తులను విప్పి రాయడం, ముద్ర అనే మాటకు ఒక్క అక్షరం, పక్కన సంక్షిప్త గుర్తు మాత్రమే ఉన్నచోట ‘సిగిల్లుమ్’ అని పూర్తిగా రాయడం, అరిగిన బొమ్మకు ముఖం కల్పించడం, పగిలిన అంచును నిండుగా గుండ్రంగా గీయడం కూడా జరుగుతాయి. అక్షరాల వరుస మొదట్లో పైకొనన ఉండే చిన్న శిలువ ఎక్కడుందో చూడండి. చోటు చాలక దాన్ని జరిపారంటే, గీసినవాడు అక్షరాలను కొలిచి గీయలేదని అర్థం.

ఇక చివరి మాటలోని రెండు అక్షరాలు వేరే రకం తేడా. అక్కడ అతనికి సరిదిద్దే అవసరం లేదు. చూసిందే రాశాడు. బొమ్మ గీసేనాటికి మైనం ఇంకా బాగుండి, 19వ శతాబ్దానికి అక్కడ పెచ్చు ఊడి ఉంటే? పైన చెప్పిన బొడిపె పరీక్ష సరిగ్గా ఆ రెండు అక్షరాల మీద చేయండి.

లిపి కూడా సాయం చేస్తుంది. 12వ శతాబ్దపు ముద్రల మీద నిటారు రోమన్ పెద్దక్షరాలు, 13వ శతాబ్దంలో కడుపు ఉబ్బిన గుండ్రటి లొంబార్డిక్ అక్షరాలు, 14వ శతాబ్దం మధ్య నుంచి కోణాలతో ఇరుకుగా నిలబడే నల్లలిపి. ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు గాని, మీ లోహం మీద లొంబార్డిక్ వరుసలో రెండక్షరాలు మాత్రం రోమన్ పద్ధతిలో ఉంటే, వాటిని తర్వాత ఎవరో చెక్కారని గట్టిగా చెప్పవచ్చు.

రాతలో వ్యక్తి పేరు లేకపోవడాన్ని లోపంగా రాయకండి. 1237లో లండన్‌లో పోపు ప్రతినిధి కార్డినల్ ఒట్టో జరిపిన సభ, ఆర్చిబిషప్పుల నుంచి మఠాధిపతుల దాకా అందరికీ ముద్ర ఉండాలని శాసించింది. కొంతకాలమే పదవిలో ఉండేవారి ముద్ర మీద పదవి పేరే ఉండాలి, పదవి దిగగానే దాన్ని అప్పగించాలి. పేరులేని ముద్రలు అందుకే అంతగా కనిపిస్తాయి.

బొమ్మల గురించి ఒకే ఒక ఉదాహరణతో ముగిస్తాను, ఇది ప్రతి పరిశోధకుడూ తెలుసుకోవాల్సింది. డరమ్ మఠ సమాజపు ముద్ర వెనకవైపు గడ్డమున్న ఒక తల ఉంటుంది. చుట్టూ ‘కాపుట్ సాంక్టి ఓస్వాల్డి రెగిస్’, అంటే పునీత ఓస్వాల్డ్ రాజు తల అని రాసి ఉంటుంది. ఆ తల నిజానికి రోమన్ల జూపిటర్‌ది, చెక్కిన ప్రాచీన రత్నం నుంచి వచ్చింది. సన్యాసులు ఆ రత్నాన్ని లోహంలో పొదిగి, చుట్టూ తమ పునీతుడి పేరు చెక్కించారు. ఓస్వాల్డ్ తల కుత్‌బర్ట్ పేటికలోనే ఉండేది మరి. బొమ్మను మాత్రమే చూసి ‘రోమన్ ముద్ర’ అన్నా తప్పే, రాతను మాత్రమే చదివి ‘ఓస్వాల్డ్ చిత్రం’ అన్నా తప్పే.

పత్రశోధి:

చాలా ఉపయోగపడింది. చూశాను. చివరి మాటలోని ఆ రెండు అక్షరాల చోట లోహంలో నిజంగానే పల్లానికి బదులు కందిగింజంత బొడిపె ఉంది. దాని మీద ఉలితో రెండు నిలువు గీతలు గీసి అక్షరాల్లా చేశారు, అవి మాత్రమే పదునుగా ఉన్నాయి. ప్లాస్టర్‌లో అదే చోట లోతులేని గుంట. అయితే ఒక సందేహం మిగిలింది. మైనపు ముద్ర నుంచి తిన్నగా లోహపు అచ్చు పోయవచ్చా? మైనం కరిగిపోదా? ఇంకో సంగతి, ప్లాస్టర్ మీది ఎరుపు అసలు ముద్ర రంగేనా?

మైనంముద్ర:

కరిగిపోతుంది, అందుకే తిన్నగా పోయరు. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ముందు ముద్ర మీద ప్లాస్టర్ పోసి తిరగబడిన రూపం తీస్తారు. ఆ ప్లాస్టర్‌ను తడి ఇసుకలో అదిమి, ఇసుకలో పడిన గుంటలోకి లోహం పోస్తారు. అప్పుడే లోహం తిరగబడిన అక్షరాలతో అచ్చులా వస్తుంది. రెండు మెట్లు దాటేసరికి ఇసుక రేణువుల గరుకు కూడా లోహం మీద పడుతుంది, మీ ముక్క చదును భాగంలో గరుకుదనం చూడండి, దొరుకుతుంది. బొడిపె మీద ఉలి గీతలున్నాయంటే ఇక చర్చ లేదు. పోయించినవాడు చెడిపోయిన చోటును తన ఊహతో పూరించాడు, పాత కేటలాగు ఆ ఊహను మధ్యయుగపు పాఠంగా నమోదు చేసింది.

ఎర్రరంగును నమ్మవద్దు. నకళ్లు పోసేవారు చూపు కోసం అన్నింటికీ ఒకే రంగు వేసేవారు. అసలు మైనానికి ఎరుపు సింధూరంతో, ఆకుపచ్చ రాగి చిలుముతో వచ్చేది, రంగు కలపని ముదురు గోధుమ వన్నెవి కూడా ఎన్నో ఉన్నాయి. మిశ్రమం దాదాపు రెండు పాళ్లు తేనెమైనం, ఒక పాలు రెసిన్, అంటే గుగ్గిలం లాంటి చెట్టు జిగురు. నిగనిగలాడుతూ, గట్టిగా, అంచున గాజులా పెళుసుగా విరిగే ఎర్రటి ముద్ర కనిపిస్తే అది లక్క కలిసినది. లక్క మైనం ఐరోపాలో 16వ శతాబ్దం నుంచి వాడుకలోకి వచ్చింది. దొరికిన అచ్చులతో సేకర్తలు సరదాకు తీసుకున్న లక్క ముద్రలు సొరుగుల నిండా ఉంటాయి. వాటిలో తోలుపత్రపు పట్టీ గానీ పట్టుదారం గానీ లోపలికి దూరిన దారి ఉండదు, వెనకవైపు చదునుగా కాగితానికి అంటిన గుర్తు ఉంటుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం కూడా ఉంది, అది మరీ బాధ కలిగించేది. నిజమైన మధ్యయుగపు ముద్రనే పత్రం నుంచి కత్తిరించి విడిగా దాచుకున్న సేకర్తలు ఉన్నారు. పట్టీ పైన, కింద శుభ్రంగా కోసిన మొనలు కనిపిస్తే అదే. ముద్ర దక్కింది గాని, అది ఏ దానాన్ని, ఏ ఒప్పందాన్ని ధ్రువపరిచిందో పోయింది. పట్టికలో ‘పత్రం నుంచి వేరుచేసినది’ అని తప్పకుండా రాయండి.

సీసపు బుల్లాలకు, అంటే పోపుల పత్రాలకు వేలాడే సీసపు ముద్రలకు, ఇంకో జాగ్రత్త. పోపుల బుల్లా ఒకవైపు పేతురు, పౌలుల తలలు, రెండోవైపు పోపు పేరు, 12వ శతాబ్దం మొదటి నుంచి ఇదే పద్ధతి. అడ్డకొలత సుమారు 35–40 మి.మీ. హక్కులు, వరాలు ఇచ్చే పత్రాలకు ఎరుపు, పసుపు పట్టుదారాలు, ఆజ్ఞాపత్రాలకు నారతాడు. పేరున్న వైపు ఖాళీగా ఉంటే అరిగిపోయిందని రాసేయకండి. ఎన్నికైన పోపుకు పట్టాభిషేకం ఇంకా జరగనప్పుడు ఒకవైపే ముద్రించేవారు. మూడవ ఇన్నోసెంట్ పోపు (1198–1216) తన కాలపు ఫోర్జరీ రకాలను వివరంగా రాశాడు. నిజమైన బుల్లా నుంచి దారం లాగేసి దొంగపత్రానికి కట్టడం వాటిలో ఒకటి. అందుకే దారం దూరే రంధ్రం దగ్గర సీసం విచ్చుకుందా, మళ్లీ నొక్కారా అని రెండు చివరలా చూడాలి.

పేటికాధ్యాయి:

అవశేష పేటికల సంగతి అడిగారు. సూత్రం ఒకటే: సేకర్త ఏం చేశాడో ముందు తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాతే మధ్యయుగం మిగులుతుంది. పరీక్షలు వేరు.

సేకర్త మాట ఎలా తప్పుతుందో మంచి ఉదాహరణ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బెకెట్ పేటిక, 1180–1190 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో చేసింది, ఎత్తు సుమారు 29.5 సెం.మీ., పొడవు 34.4 సెం.మీ. ముందువైపు బలిపీఠం దగ్గర కత్తులు దూసిన సైనికులు, ఎదుట గురువు. 1170లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ హత్య అది. 1748లో దీన్ని పరిశీలించిన విలియం స్టూక్లీ, క్రోలండ్ మఠాధిపతిని 870లో డేన్లు, అంటే వైకింగులు, చంపిన దృశ్యం అనుకున్నాడు. వస్తువు వెంట పత్రం లేదు, దగ్గర్లోని మఠం చరిత్ర ఆయనకు తెలుసు, ఆ రెండూ కలిపాడు. అర్థం తప్పింది, కాని ఆయన రాసిపెట్టినందువల్లే 18వ శతాబ్దంలో ఆ పేటిక ఉనికికి సాక్ష్యం ఉంది. ఇదే కథతో లిమోజ్‌లో చేసినవి యాభై దాకా మిగిలాయి, అందుకే ఈ రోజు పోల్చి చెప్పగలుగుతున్నాం. స్టూక్లీకి ఆ వెసులుబాటు లేదు.

లిమోజ్ పేటికలో లోపల చెక్కపెట్టె, పైన రాగి రేకులు. రేకులో గుంటలు తవ్వి, గాజుపొడి నింపి, కొలిమిలో కాల్చి, నునుపు చేసి, మిగిలిన రాగికి బంగారు నీరు పట్టిస్తారు. చూడాల్సింది మేకులు. రేకులో కన్నం ఉండి చెక్కలో లేకపోతే చెక్క మార్చారు. చెక్కలో కన్నాలు ఎక్కువగా ఉంటే రేకు ఇంకో పేటికది. మరమేకులు ఉంటే, వాటి మరలు యంత్రంతో కోసినట్టు సమంగా తిరిగితే అది 19వ శతాబ్దపు చేయి. బంగారు వన్నె చేయి తగిలే అంచుల్లో అరిగి, గుంటల్లో మిగలాలి. అంచుల్లో, గుంటల్లో ఒకేలా మెరిస్తే తర్వాత పట్టించిన పూత.

లోపల ఉన్నదాన్ని గుర్తించేది సన్నని తోలుపత్రపు చీటీ. వేలెడు పొడవు, అంతకన్నా చాలా తక్కువ వెడల్పు, ‘ఇక్కడ ఫలానా పునీతుడి అవశేషాలు ఉన్నాయి’ అని ఒక వరుస. ఎముకకు చుట్టి దారంతో కట్టేవారు. పెట్టె కన్నా ఈ చీటీయే విలువైనదని నేనంటాను, ఎందుకంటే దాని లిపి కాలం చెబుతుంది. సేకర్తలు తరచు చీటీని, గుడ్డముక్కను, పెట్టెను వేర్వేరు చోట్ల పెట్టారు, అమ్మారు. చీటీ మీద మడత గుర్తులు, దారం ఒరిపిడి చూడండి, గుడ్డలో అదే కొలత మడత కనిపిస్తే రెండూ కలిసి ఉన్నవే.

పేటిక వెనక ఎర్రదారం, దాని మీద ఎర్ర లక్కముద్ర కనిపిస్తే అది మధ్యయుగపు మూత అనుకోకండి. 1215 నాటి నాలుగో లాటరన్ చర్చి మహాసభ అవశేషాలను పేటిక బయట చూపకూడదని, అమ్మకూడదని చెప్పింది. కొత్త అవశేషాలకు బిషప్పు ఆమోదం తప్పనిసరి అని 1563లో ట్రెంట్ సభ నిర్ణయించింది. దారంతో బిగించి లక్కముద్ర వేసి, ధ్రువపత్రం జతచేసే పద్ధతి ఆ తర్వాతే ఊపందుకుంది. ముద్ర కొత్తది కావచ్చు, లోపలిది పాతది కావచ్చు, ఒకదాని కాలాన్ని రెండోదానికి అంటగట్టవద్దు.

కుత్‌బర్ట్ శవపేటిక దీనికి గొప్ప పాఠం. 698లో చేసిన ఓక్ పేటిక. 1104లో తెరిచారు, మఠాల రద్దు రోజుల్లో మళ్లీ తెరిచారు, 1827లో చరిత్రకారుడు జేమ్స్ రెయిన్ సమక్షంలో మరోసారి తెరిచారు. బంగారంతో, ఎర్రరాళ్లతో చేసిన రొమ్ము శిలువ వస్త్రాల మడతల్లో లోతుగా ఉండిపోయి అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. అందులోని ఉత్తరీయం మీద కుట్టిన అక్షరాలే దాన్ని రాణి ఏల్ఫ్‌లేడ్ బిషప్పు ఫ్రిథెస్టాన్ కోసం చేయించిందని చెబుతున్నాయి. రాణి 916కు ముందే మరణించింది, ఆయన 909లో బిషప్పు అయ్యాడు, కాబట్టి కాలం ఆ మధ్యదే. కుట్టు దారాల మీద ఒక వరుస రాత ఇంత ఖచ్చితంగా తేదీ చెప్పగలిగింది. అందుకే చిరిగిన గుడ్డను విప్పే ముందు, తుడిచే ముందు, ప్రతి మడతనూ ఫొటో తీయమని మళ్లీ మళ్లీ చెబుతుంటాను.

నెమ్మదిచేయి:

పరీక్షల హడావుడిలో వస్తువు చెడకూడదు, దాని గురించి రెండు మాటలు.

లోహపు అచ్చును ‘ఒకసారి ముద్ర వేసి చూద్దాం’ అని లక్కలోనో బంకమట్టిలోనో నొక్కకండి. కొన్ని బంకమట్టి రకాల్లో గంధకం ఉంటుంది, వెండి అచ్చు నల్లబడుతుంది. రాగి మిశ్రలోహంలో లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది ఉప్పు చేరిన తుప్పు, గాలిలో తేమ ఉన్నంతకాలం తింటూనే ఉంటుంది. గాలిలో తేమ నూటికి 35 పాళ్లకు మించని పొడి పెట్టెలో పెట్టి నిపుణులకు చెప్పాలి. చదవడానికి ఫొటో చాలు, కంప్యూటర్లో ఎడమ కుడి తిప్పితే అక్షరాలు తిన్నగా వస్తాయి. వెలుతురు పై ఎడమ మూల నుంచి, దాదాపు బల్లకు ఆనుకుని పడేలా పెట్టండి. కిందనుంచి పెడితే పల్లం ఉబ్బులా కనిపించి కళ్లు మోసపోతాయి, అప్పుడు ఆ బొడిపె పరీక్షే తలకిందులవుతుంది. ఇంకా మేలైనది, కెమెరా కదలకుండా పెట్టి, పక్కన నున్నటి నల్లగుండు ఒకటి ఉంచి, దీపాన్ని చుట్టూ జరుపుతూ 40 నుంచి 60 ఫొటోలు తీయడం. దీపం దూరం వస్తువు పొడవుకు మూడు నాలుగు రెట్లు, అన్ని ఫొటోల్లో సమానంగా ఉండాలి. నల్లగుండు మీది మెరుపుచుక్కను బట్టి సాఫ్ట్‌వేర్ వెలుతురు దిశ తెలుసుకుంటుంది, ఆ తర్వాత తెర మీద వెలుతురును ఎటైనా తిప్పుకోవచ్చు. వేడెక్కే దీపాలు వద్దు.

మైనపు ముద్ర చేతికొస్తే వెనకవైపు కూడా తీయండి. మెత్తటి మైనాన్ని అరచేతిలో అదిమిన బొటనవేలి ముద్రలు అక్కడుంటాయి. పాత సేకర్తలు ముందువైపే గీశారు, ముందువైపే పోత తీశారు, వెనకవైపు వాళ్లకు అక్కర్లేకపోయింది. చల్లని గిడ్డంగి నుంచి తెచ్చిన ముద్రను వెంటనే పట్టుకోకండి, చల్లటి మైనం పెళుసు, గది వేడికి వచ్చేదాకా ఆగండి. మెత్తటి కుంచె తప్ప గుడ్డ వద్దు. స్పిరిట్ అసలే వద్దు, మిశ్రమంలోని రెసిన్ను అది కరిగిస్తుంది. అక్షరాల మూలల్లో తెల్లటి పొడి ఉంటే అది బూజు అనుకుని గోకకండి. మైనం నుంచే పైకి తేలిన పొర కావచ్చు, లేదా గతంలో నకలు తీసినప్పుడు ఇరుక్కున్న ప్లాస్టర్ కావచ్చు. రెండోదైతే, ఆ ముద్రకు ఎక్కడో ఒక నకలు ఉందన్నమాట. ప్లాస్టర్ అంటకుండా రాసిన నూనె వల్ల మైనం నల్లబడిన మచ్చలు కూడా అదే చెబుతాయి.

సీసపు బుల్లాలను ఓక్ సొరుగుల్లో పెట్టవద్దు. ఓక్ చెక్క వదిలే పులుపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. పాత సేకర్తల అందమైన ఓక్ పెట్టెల్లోనే ఈ నష్టం ఎక్కువ. ఆమ్లం లేని అట్టపెట్టెలోకి మార్చండి, పాత పెట్టెను చీటీలతో సహా విడిగా భద్రపరచండి. సీసం విషం కాబట్టి చేతితొడుగులు వేసుకోండి.

నిప్పు, మరమ్మతు ఏం చేస్తాయో ఒక్కటి చెబుతాను. పాత రాతప్రతులు దాచిన కాటన్ గ్రంథాలయం 1731 అక్టోబరు 23న లండన్‌లోని ఆష్‌బర్న్‌హామ్ భవనంలో తగలబడింది. అందులోని 1215 నాటి మాగ్నా కార్టా ప్రతికి రాజముద్ర ఉండేది, కరిగి ఆకారం లేని ముద్దయింది. చర్చి ముద్ర కాకపోయినా మైనం మైనమే. అక్షరాలు అప్పటికి చాలావరకు బతికే ఉన్నాయి. 1733లో జాన్ పైన్ వాటిని చెక్కి అచ్చువేశాడు. 1830లలో జరిగిన మరమ్మతు వల్లే ఆ అక్షరాలు చెరిగిపోయాయి. ఆ తర్వాత చాలాకాలం ఆ ప్రతి పాఠానికి పైన్ చెక్కడమే ఆధారమైంది. మీ 17వ శతాబ్దపు బొమ్మ కూడా సరిగ్గా అలాంటి స్థానంలోనే ఉంది.

పత్రశోధి:

అర్థమైంది. చివరిగా ఒకటి. ఆ లోహపు ముక్కను పట్టికలోంచి తీసేయాలా?

లిపిదీపిక:

తీయకండి. ‘మూల అచ్చు’ అన్న మాట మాత్రం కొట్టేసి, ‘కోల్పోయిన మైనపు ముద్ర దెబ్బతిన్న తర్వాత దాని నుంచి పోసిన నకలు, చివరి మాటలో రెండక్షరాలు తర్వాత ఉలితో చెక్కినవి’ అని రాయండి. కొలతల్లో 69.5 మి.మీ. ప్లాస్టర్‌ది అని, 68.3 మి.మీ. లోహానిది అని విడివిడిగా ఇవ్వండి. పాఠంలో ‘ఎక్లేసియే’ను ప్లాస్టర్ నుంచి, చివరి రెండక్షరాలను బొమ్మ నుంచి తీసుకుని, ఆ రెండక్షరాలను చదరపు కుండలీకరణాల్లో పెట్టండి. పాత కేటలాగు సంఖ్యను పక్కనే ఉంచండి, దాన్ని నమ్మి ఇప్పటికే పాఠం ఎత్తి రాసినవారు తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ ఇక్కడికే రావాలి.